పాత కారు వెనక లైట్లు: లోపం ఎక్కువగా తిరుగుదారిలోనే

ముందు లైటు పోతే నడిపేవాడికే తెలుస్తుంది. వెనక లైటు పోతే వెనక వచ్చేవాడికి తెలుస్తుంది, అదీ బాగా దగ్గరికొచ్చాక. అంబాసిడర్, పద్మిని, మారుతి 800 లాంటి బండ్లను ఇంకా రోడ్డు మీద తిప్పుతున్నవాళ్లకు ఈ బెడద కొత్తది కాదు. బల్బు మారుస్తారు, వెలుగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మసకబారుతుంది. షాపుకి తీసుకెళ్తే ఒకరు బల్బు నాసిరకం అంటారు, ఒకరు ఎర్త్ లేదంటారు, ఇంకొకరు వైరింగ్ మొత్తం లాగేయాలంటారు, కుర్ర మెకానిక్ అయితే ఎల్‌ఈడీ వేసేద్దాం అంటాడు. నాలుగు మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. ఏ మాట ఏ లక్షణానికి చెల్లుతుందో తేల్చుకోకుండా డబ్బు తగలేయడమే పొరపాటు. ఆ నాలుగింటినీ ఒకచోట పెట్టి బేరీజు వేద్దాం.

మూడు బండ్లు, మూడు సంప్రదాయాలు

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. 1950ల చివర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టిన ఆ కారు తయారీ 2014 మేలో ఆగింది. దాని కరెంటు పని బ్రిటన్ లూకాస్ పద్ధతిలో నడిచింది. ఆ పద్ధతిలో తీగ రంగే దాని చిరునామా. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చేది, ఆకుపచ్చ ఆ స్విచ్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లది. ఆకుపచ్చ మీద ఊదా గీత ఉంటే బ్రేక్ లైటుది. నలుపు ఎర్త్. ఆ తరం బ్రిటిష్ డిజైన్లు చాలావాటిలో బండి మొత్తానికి ఉండే ఫ్యూజులు రెండే, ఒక్కోటి 35 ఆంపియర్లది.

పద్మిని ఇటలీ ఫియట్ 1100 సంతతి. ఫియట్ పద్ధతిలోని ఫ్యూజు సిరామిక్ పుల్ల మీద పలచని లోహపు పట్టీ పరిచినట్టుంటుంది. రెండు మొనలనూ రెండు స్ప్రింగు రేకులు పట్టుకుంటాయి. పట్టీ బాగానే ఉండి, మొన దగ్గర చిలుము పట్టి కరెంటు ఆగిపోవడం ఈ ఫ్యూజులకు మామూలు జబ్బు. మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. జపాన్ సుజుకీ పద్ధతిలో తీగలన్నీ ప్లగ్గుల్లోకి చేరాయి. పని సుళువైంది గానీ, నీరు చేరడానికి ప్లగ్గుకొక చోటు పెరిగింది.

రంగుల పట్టిక తెలిసుండటం మంచిదే. కానీ ముప్ఫై నలభై ఏళ్లు మన దగ్గర తిరిగిన బండిలో రంగును పూర్తిగా నమ్మడానికి లేదు. దారిలో తెగిన తీగకు షాపులో ఏ ముక్క దొరికితే అది అతికించి ఉంటారు. మ్యూజిక్ సిస్టమ్‌కీ, పాట పాడే రివర్స్ హారన్‌కీ టెయిల్ లైటు తీగలోంచే కరెంటు లాగి ఉంటారు. ఏ తీగ ఏదో రంగు ఊరికే సూచిస్తుంది, తేల్చాల్సింది పరీక్షే.

ఒక గాజుబుడ్డిలో రెండు దీపాలు

మూడు బండ్లకూ 12 వోల్టుల బ్యాటరీయే. టెయిల్, బ్రేక్ రెండు పనులూ ఒకే బల్బు చేసేచోట వాడేది 21/5 వాట్ల డబుల్ కాంటాక్ట్ బల్బు. ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లుంటాయి. 5 వాట్లది టెయిల్ లైటు, 21 వాట్లది బ్రేక్ లైటు. అడుగున సీసపు చుక్కలు రెండు, రెండింటికీ కరెంటు విడివిడిగా వస్తుంది. తిరిగి వెళ్లేది మాత్రం ఒకే దారి, బల్బు చుట్టూ ఉన్న ఇత్తడి టోపీ. ప్రమాణం ప్రకారం ఈ బల్బు చిన్న ఫిలమెంట్ వెలుగు 35 ల్యూమెన్లు, పెద్దదాని వెలుగు 440. అంటే పన్నెండు రెట్లకు పైమాటే. వెనక వచ్చే డ్రైవరు చదువుకునేది ఎర్రదనాన్ని కాదు, ఈ తేడాని. తేడా తగ్గిందంటే లైటు వెలుగుతున్నా బ్రేక్ వేసిన సంగతి వాడికి అందనట్టే.

టోపీకి అటూఇటూ ఉండే రెండు పిన్నులు ఎత్తుతగ్గుల్లో ఉంటాయి, బల్బు ఒకే తీరున దిగాలని. అరిగిన హోల్డరులో బలవంతంగా తిప్పి దించితే తారుమారవుతుంది. అప్పుడు టెయిల్ లైటు మిరుమిట్లు గొలుపుతుంది, బ్రేక్ నొక్కితే తేడా ఏమీ కనపడదు. అదే హోల్డరులోకి సింగిల్ కాంటాక్ట్ బల్బును తోస్తే, దాని ఒక్క చుక్క రెండు కాంటాక్టులనూ కలిపేస్తుంది. అప్పుడు లైట్ల స్విచ్ కట్టి ఉన్నా సరే, బ్రేక్ తొక్కగానే డాష్‌బోర్డు దీపాలు, ముందు పార్కింగ్ లైట్లు భేషుగ్గా వెలుగుతాయి. ఈ లక్షణం కనిపిస్తే వైరింగ్ జోలికి పోకుండా ముందు బల్బులు రెండూ ఊడదీసి చూడాలి.

కాబట్టి 'బల్బు మార్చు' అనే సలహాను కొట్టిపారేయలేం. ఫిలమెంట్ తెగితే బల్బు మార్చడమే మందు. కానీ సరైన బల్బు సరిగ్గా అమరాక కూడా మసకగా వెలగడం, ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోవడం, ఒకటి వేస్తే ఇంకొకటి వెలగడం, ఇవేవీ బల్బు జబ్బులు కావు. కొత్త బల్బు పెట్టేటప్పుడు హోల్డరులో జరిగే రాపిడికి కాంటాక్టు మీది చిలుము కాస్త రాలుతుంది. అందుకే వెలుగుతుంది, అందుకే మళ్లీ పోతుంది.

అసలు దోషి ఎర్త్

కరెంటు వెళ్లేదారికి తీగ ఉంటుంది. తిరిగొచ్చే దారికి మాత్రం చాలా బండ్లలో కారు రేకే ఆధారం. దీపం అమరిక నుంచి ఒక స్క్రూ, అక్కణ్నుంచి బాడీ, బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్. డిక్కీ మూలన, నీరు చేరే చోట ఉండే ఆ స్క్రూ కింద తుప్పు పట్టిందంటే దారి మూసుకుపోయినట్టే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. టింకరింగ్, పెయింటింగ్ చేయించిన బండికి ఇంకో చిక్కు. స్క్రూ కింద రేకు మీదా కొత్త రంగు కొట్టేస్తారు. రంగు కరెంటును రానివ్వదు. పెయింట్ షాపు నుంచి మెరుస్తూ వచ్చిన కారుకు వెనక లైట్లు వెలగకపోతే కారణం చాలాసార్లు ఇదే.

ఎర్త్ సగం పోయినప్పుడు ఏమవుతుందో లెక్క చూడండి. స్క్రూ దగ్గర ఒక్క ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. 5 వాట్ల ఫిలమెంట్ లాగేది 0.4 ఆంపియర్లు. అక్కడ పోయేది అర వోల్టు లోపే, కంటికి ఆనదు. బ్రేక్ తొక్కితే 21 వాట్ల ఫిలమెంట్ ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఒకటిన్నర వోల్టులు ఆ స్క్రూ దగ్గరే హరించుకుపోతాయి. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ తగ్గినదానికంటే వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువ పడిపోతుంది. పది శాతం వోల్టేజీ తగ్గితే ముప్ఫై శాతం వెలుగు పోతుంది. ఒకటిన్నర వోల్టులు తగ్గితే మూడో వంతుకు పైగా పోతుంది. టెయిల్ లైటు బాగానే ఉండి బ్రేక్ లైటు ఒక్కటే మసకగా ఉందంటే మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే అనడానికి కారణం ఇది.

ఎర్త్ పూర్తిగా తెగితే కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. కుడివైపు దీపానికి ఎర్త్ పోయిందనుకుందాం. లైట్లు కట్టేసి బ్రేక్ తొక్కండి. కరెంటు 21 వాట్ల ఫిలమెంట్‌లోంచి టోపీ దాకా వస్తుంది. అక్కడ దారి లేదు. దాంతో పక్కనున్న 5 వాట్ల ఫిలమెంట్‌లోకి వెనకనుంచి దూరి, టెయిల్ లైటు తీగ పట్టుకుని ఎడమ దీపానికో ముందు పార్కింగ్ లైట్లకో పోయి అక్కడి ఎర్త్‌ను చేరుకుంటుంది. ఇంత దూరం తిరిగి వచ్చేసరికి కుడివైపు బ్రేక్ లైటుకు బదులు చిన్న ఫిలమెంట్ మిణుకుమంటుంది. ఇప్పుడు బ్రేక్ వదిలేసి లైట్లు వేయండి. 5 వాట్ల ఫిలమెంట్ కరెంటు 21 వాట్లదానిలోంచి దూరి ఎడమ బ్రేక్ లైటు గుండా ఎర్త్‌కు చేరుతుంది. పెద్ద ఫిలమెంట్ల నిరోధం తక్కువ కాబట్టి టెయిల్ లైటు దాదాపు మామూలుగానే వెలుగుతుంది, ఏ లోపమూ లేనట్టు. ఆ లైట్లు వెలుగుతుండగా బ్రేక్ తొక్కండి. రెండు చివర్లా 12 వోల్టులు నిలబడి, కరెంటు ఎటూ కదలక, కుడి దీపం పూర్తిగా ఆరిపోతుంది. రాత్రిపూట బ్రేక్ వేసిన క్షణంలోనే దీపం ఆరిపోవడం కంటే ప్రమాదం ఏముంటుంది?

ఇండికేటర్ కూడా అదే ఎర్త్‌ను పంచుకుంటే ఆరిపోవడానికి బదులు కుడి దీపం మసకగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు దానితో పాటు కొట్టుకుంటుంది. ఒకదాని పని ఇంకొకటి చేస్తోందంటే ముందు ఎర్త్ చూడాలని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే. ఈ నాలుగు సలహాల్లో 'ఎర్త్ చూడు' అన్నదానికే ఎక్కువ బలం ఉంది. ఖర్చూ తక్కువే. స్క్రూ ఊడదీసి, కిందనున్న రేకును ఎమరీ పేపరుతో తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించి, పైన వాసెలిన్ పూస్తే సరిపోతుంది. దీపం అమరిక నుంచి బాడీలోని శుభ్రమైన చోటికి విడిగా ఒక నల్ల తీగ లాగితే ఇంకా మేలు.

టెస్ట్ ల్యాంపా, మీటరా?

ఎర్త్ పోయిందని ఊహించడం వేరు, రుజువు చేయడం వేరు. ఇక్కడ మెకానిక్కులు రెండు వర్గాలు. ఒకరు డిజిటల్ మీటరు లేకుండా పని ముట్టరు. ఇంకొకరు బల్బుకు రెండు తీగలు తగిలించి తయారుచేసుకున్న టెస్ట్ ల్యాంపునే నమ్ముతారు.

మీటరు మీద ఫిర్యాదులో న్యాయముంది. డిజిటల్ మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. తీగలోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది. ఒంటి దారానికి ఖాళీ బుట్ట వేలాడుతుంది, బియ్యం బస్తా వేలాడదు. టెస్ట్ ల్యాంపు బస్తా బరువు వేసి చూస్తుంది. 21 వాట్ల బల్బుతో చేసిన ల్యాంపు నిండుగా వెలిగితే ఆ తీగ బ్రేక్ లైటును మోయగలదన్న మాట. మసకగా వెలిగితే తీగలోనో అతుకులోనో దొంగ ఉన్నాడు.

అలాగని మీటరు పనికిరానిది కాదు. దాన్ని వాడాల్సింది దీపం వెలుగుతుండగా. మనిషినొకణ్ని బ్రేక్ తొక్కి పట్టుకోమని, మీటరు ఒక కొనను బల్బు ఇత్తడి టోపీకి, రెండోదాన్ని బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించండి. 0.2 వోల్టుల లోపు చూపితే ఎర్త్ ఆరోగ్యంగా ఉంది. అర వోల్టు దాటితే అక్కడ తప్పకుండా పని ఉంది. అదే పద్ధతిలో ఒక కొన బ్యాటరీ పాజిటివ్‌కు, ఇంకోటి బల్బు కింది కాంటాక్టుకు పెడితే వచ్చేదారిలో ఎంత పోతోందో తెలుస్తుంది. స్క్రూడ్రైవరు పెట్టి నిప్పురవ్వ వస్తుందో లేదో చూసే అలవాటు మాత్రం మానేయాలి. దానితో తెలిసేది తక్కువ, ఫ్యూజు పోవడం, తీగ కాలడం ఎక్కువ.

ఫ్యూజు పదే పదే పోతుంటే

లైటు మసక ఒక సమస్య. లైటు వేయగానే ఫ్యూజు పోవడం ఇంకొక సమస్య, ఇది షార్ట్. ఇలాంటప్పుడు ఇంకా పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, తీగముక్క పెట్టడం ప్రమాదం. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. ఫ్యూజు స్థానంలో తీగముక్క ఉంటే కార్పెట్ కింద, పెట్రోలు ట్యాంకు పక్కగా వెళ్లే తీగే ఫ్యూజు అవుతుంది.

షార్ట్ వెతకడానికి పాత ఉపాయం ఒకటుంది. ఫ్యూజు తీసేసి, ఆ రెండు రేకుల మధ్య 21 వాట్ల బల్బు ఒకటి తగిలించాలి. షార్ట్ ఉన్నంతసేపు బల్బు నిండుగా వెలుగుతుంది, రెండు ఆంపియర్లకు మించి కరెంటును పోనివ్వదు కాబట్టి తీగకు ముప్పు లేదు. ఆ ఫ్యూజు కిందున్న దీపాల బల్బులన్నీ తీసేసి, ఒక్కో చోట తీగల కట్టను కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే బల్బు ఆరుతుందో అక్కడే ఉంది లోపం. డిక్కీ మూత కీలు దగ్గర వంగి వంగి తెగిన తీగ, రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఊడిపోయి ఒరుసుకున్న తీగ, సీటు కింద ఎలుక కొరికిన తీగ, బాడీ స్క్రూ దిగిపోయిన తీగ. ముందు ఈ చోట్లు చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

స్విచ్, ఫ్లాషర్

రెండువైపులా బ్రేక్ లైట్లు ఒకేసారి పోయాయంటే ఎర్త్‌ను, బల్బునూ పక్కన పెట్టండి. రెండు బల్బులు ఒకే రోజు మాడవు. ఫ్యూజు బాగుంటే బ్రేక్ స్విచ్ దగ్గరికి వెళ్లాలి. మారుతిలో ఇది పెడల్ దగ్గర నొక్కుడు స్విచ్. బ్రిటిష్ మూలాల పాత కార్లలో బ్రేక్ ఆయిలు ఒత్తిడికి పనిచేసే స్విచ్ ఉండేది. వయసు మీరాక దానికి గట్టిగా తొక్కితే తప్ప స్పందన ఉండదు. మెల్లగా బ్రేక్ వేస్తే లైటు రాదు. స్విచ్ రెండు తీగలనూ కలిపి చూడండి. లైటు వచ్చిందంటే దోషి స్విచ్చే. ఆయిలు స్విచ్ ఊడదీస్తే బ్రేక్‌లో గాలి చేరుతుంది కాబట్టి మార్చాక బ్లీడింగ్ తప్పదు. రెండు లైట్లకు కలిపి మూడున్నర ఆంపియర్లు మోసే ఆ కాంటాక్టుకు మధ్యలో రిలే పెడితే కొత్త స్విచ్ ఎక్కువకాలం మన్నుతుంది.

ఇండికేటర్లకు వేరే వ్యాకరణం. పాత వేడి ఫ్లాషర్ బల్బులు లాగే కరెంటుతో వేడెక్కి కొట్టుకుంటుంది. ఒక బల్బు పోతే నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ బల్బు పోతే వేగం పెంచి హెచ్చరిస్తుంది. వేగం మారిందంటే ఫ్లాషర్ పోయిందనుకుని మార్చేవాళ్లు చాలామంది. అది చాలాసార్లు తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది.

ఎల్‌ఈడీ వేయాలా?

ఎల్‌ఈడీ వాదానికి బలమైన కారణాలున్నాయి. కరెంటు తక్కువ లాగుతుంది, వేడి తక్కువ, తొక్కగానే వెలుగుతుంది. పాత స్విచ్ మీద భారం తగ్గుతుంది. కానీ జబ్బు కప్పిపుచ్చే మందుగా వాడితే ఇది చేటు. ఎర్త్ సగం పోయినా ఎల్‌ఈడీ తక్కువ కరెంటుతో నెట్టుకొస్తుంది, లోపం అలాగే ముదురుతుంది. రెండోది అద్దం సంగతి. పాత దీపం వెనక మెరిసే గిన్నె ఫిలమెంట్ ఉన్న చోటు చూసి తయారుచేసింది. వెలుగును ఒకే దిక్కుకు చిమ్మే ఎల్‌ఈడీ దానిలో సరిగ్గా ఇమడదు. తెల్ల ఎల్‌ఈడీ ఎర్ర అద్దం వెనక పెడితే వెలుగులో ఎక్కువభాగం అద్దమే మింగేస్తుంది. చవకరకాల్లో టెయిల్‌కూ బ్రేక్‌కూ తేడా సరిగా ఉండదు. ఇండికేటర్లకు వేస్తే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ బల్బు పోయిందనుకుని పరుగెత్తుతుంది, వేడి ఫ్లాషర్ అసలు కదలదు. దానికి విరుగుడుగా పెట్టే 6 ఓముల రెసిస్టర్ పాతిక వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్‌కు ఆనుకుంటే కాలుస్తుంది. అంతకంటే ఎల్‌ఈడీకి తగ్గ ఫ్లాషర్ మార్చడం నయం. వేయాలనుకుంటే ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్‌ఈడీయే వేయాలి, అదీ వైరింగ్ శుభ్రం చేశాకే.

వైరింగ్ మొత్తం మార్చాలా?

ఇది ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాదు. తొడుగు గట్టిపడి వంచితే చిట్లుతున్నా, కొస గీకినప్పుడు రాగి నల్లబడి సోల్డరింగ్ పట్టకపోయినా, పాతిక చోట్ల టేపు చుట్టి ఉన్నా మార్చడమే మేలు. లేదంటే వెనక భాగం వరకే కొత్త కట్ట వేయించుకోవచ్చు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకును ఎప్పుడూ ఒప్పుకోవద్దు. వేడికి టేపు జిగురు కారిపోతుంది, లోపలికి తేమ చేరుతుంది. థింబుల్ వేసి నొక్కించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేయించుకోండి. దీపం అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చచ్చిపోతే నీరు మళ్లీ హోల్డరులోకే దిగుతుంది కాబట్టి దాన్నీ మార్చాలి.

తేలిందేమిటంటే

ఈ సలహాలకు వరస ఒకటుంది. ముందు బల్బు, దాని అమరిక. తర్వాత ఎర్త్. ఆ పైన ఫ్యూజు, స్విచ్, అతుకులు. చివర్న వైరింగ్ మార్పు. ఎల్‌ఈడీ ఈ వరసలోకి రాదు, అది మరమ్మతు కాదు, ఇష్టాన్నిబట్టి చేసుకునే మార్పు. రెండో మెట్టు దగ్గర ఓపిగ్గా నిలబడినవాళ్లకు మిగతా మెట్లు ఎక్కే అవసరం తరచుగా రాదు.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం చీకటి వేళ వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి, నంబరు ప్లేటు 15 మీటర్ల నుంచి చదవగలిగేలా వెలగాలి. నెలకొకసారి ఇంట్లో ఒకరిని బ్రేక్ తొక్కమని, మీరు వెనక నిలబడి మూడు రకాలుగా చూడండి: లైట్లు కట్టి బ్రేక్ ఒక్కటీ, లైట్లు ఒక్కటీ, లైట్లు వేసి బ్రేక్. మూడో పరీక్షలో దీపం మసకబారినా ఆరినా ఆ రాత్రికి బండి తీయొద్దు.